మొదటి దెబ్బ

మా అక్కను పొగడడం నాకు చేతకాదు. పొగిడితే నమ్మదు, తిడితే నవ్వుతుంది, ఏమీ అనకుండా ఊరుకుంటే ఏమైందని నిలదీస్తుంది. అందుకని ఉన్నదున్నట్టు చెబుతాను. రైల్వే యార్డులో ఇరవై ఆరేళ్లుగా ఆమె పని ఒకటే. వచ్చి నిలబడ్డ బోగీల పక్కన నడుచుకుంటూ, పొడవాటి కర్ర ఉన్న సుత్తితో ఒక్కో చక్రాన్నీ కొట్టి మోత వినాలి. బాగున్న చక్రం ఖంగున మోగుతుంది. లోపల బీట ఉన్నది మొద్దుగా పలుకుతుంది. ఆ తేడా ఎన్నిసార్లు కొట్టి వినిపించినా నా చెవికి పట్టుబడలేదు. ఆమెకు మాత్రం పక్కవాళ్లతో కబుర్లాడుతూ నడుస్తున్నా తెలిసిపోతుంది.

ఒకసారి బయలుదేరబోతున్న రైలును యాభై నిమిషాలు ఆపించింది. పై అధికారి ఆదరాబాదరాగా వచ్చి, చక్రం చుట్టూ టార్చి వేసి చూసి, ఏమీ లేదు కదా అని మండిపడ్డాడు. కనబడేది కాదండీ, వినబడేది అని ఈవిడ సుత్తి తీసి ఆయన చేతికే ఇచ్చింది. చివరికి ఆ బోగీని విడదీసి పరీక్ష చేస్తే వెంట్రుకంత బీట బయటపడింది. ఆయన పొరపాటైందని అనలేదు, ఈవిడా అనిపించుకోవాలని చూడలేదు. కానీ ఏదైనా తేడాగా ఉందని ఒకసారి అనిపిస్తే, దేవుడు దిగివచ్చి నచ్చజెప్పినా మా అక్క సరే అనదు. ఆ గుణం రైళ్లకు మంచిదే. ఇంట్లోవాళ్లకు మాత్రం తల ప్రాణం తోకకు వస్తుంది.

యార్డులో ఆమెను పేరుపెట్టి ఎవరూ పిలవరు, గంటక్క అంటారు. ఆ పేరు సుత్తి వల్ల వచ్చింది కాదు. యార్డు వెనక సందులో ఒక రేకుల షెడ్డు ఉండేది. అందులో ఒక ముసలాయన డోళ్లు నేర్పేవాడు. పశ్చిమ ఆఫ్రికాలో పుట్టి, బ్రెజిల్‌లో సగం వయసు గడిపి, ఓడల ఇంజన్ గదుల్లో పనిచేసి, ఎందుకో మా ఊళ్లో దిగి ఇక్కడే ఉండిపోయాడు. అందరూ మాస్టారనేవాళ్లు. ఒక సెలవురోజు అక్క ఆ షెడ్డు ముందు నుంచి పోతూ, లోపల ఎవరో ఇనుము మీద కొడుతున్న దెబ్బలు విని ఆగింది. ఆగినావిడ చీకటిపడేదాకా కదల్లేదట.

డోలు నేర్చుకుందామని వెళ్తే మాస్టారు జోడు గంట చేతిలో పెట్టాడు. ఒకే పిడికి రెండు ఇనుప మూతులు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, కొట్టడానికి ఒక పుల్ల. మూడేళ్లు అదే వాయించమన్నాడు. పన్నెండు చిన్న అడుగుల చుట్టు, అందులో ఏడు దెబ్బలు, మళ్లీ మొదటికి. మొదటి దెబ్బ ఒక్కటే పెద్ద మూతి మీద, అదీ గంటను తొడకు అదిమిపెట్టి మెత్తగా. మిగతా ఆరూ చిన్న మూతి మీద ఖణఖణమని మోగాలి. మొదటిదాన్ని అంత మెత్తగా కొట్టడమెందుకని అక్క అడిగితే, అది ఇతరుల కోసం కాదు, వాయించే మనిషి తానెక్కడుందో తెలుసుకోవడం కోసమని చెప్పాడట. మాస్టారు పోయి ఆరేళ్లయింది. ఇప్పటికీ అక్క ఆ దెబ్బ కొట్టేటప్పుడు కుడికాలు నేల మీద ఆనించి తీరుతుంది.

మా బృందంలో నలుగురం. అక్కది గంట. బండ అని మేం పిలిచే ఒక స్థూలకాయుడిది బ్రెజిల్ వాళ్ల పెద్ద డోలు. పార్సెల్ ఆఫీసులో గుమస్తాగిరీ వెలగబెట్టే నాది బేస్ గిటార్. పాటలు రాసి, గిటార్ పట్టుకుని పాడేది అక్క కూతురు. ఇరవై మూడేళ్లది, కళ్లజోళ్ల షాపులో పని, మనిషి గుప్పెడంత ఉంటుంది కాబట్టి ఇంట్లో పిచ్చుక. మేం చేసే పని చెప్పుకోవడానికి ఒక్క ముక్క. పాట కట్టడం పాశ్చాత్య పాప్ పద్ధతిలో ఉంటుంది, అంటే పల్లవి, చరణం, మళ్లీ పల్లవి, నడుమ ఒక మలుపు, వినేవాడు బస్సు దిగాక కూడా కూనిరాగం తీసే చిన్న ముక్క ఒకటి. దాని కింద నడక మాత్రం బ్రెజిల్ సాంబాది, ఆఫ్రికా గంటది. చెప్పినంత తేలిక కాదు. పాప్ పాట తిన్నగా ముందుకు పోతానంటుంది, గంట గుండ్రంగా తిరిగి వస్తానంటుంది. డోలేమో అందరూ ఒకటి అని లెక్కపెట్టే చోట తేలిగ్గా అడుగేసి, రెండు దగ్గర దిగబడుతుంది. ఈ ముగ్గురినీ ఒక ఇంట్లో కాపురం పెట్టించడానికి నాలుగేళ్లు జుట్లు పట్టుకున్నాం.

అక్కా పిచ్చుకా ఎదురెదురుగా కూర్చుని నాలుగు మాటలు మాట్లాడుకోవడం నేను ఎప్పుడోగానీ చూడలేదు. పగ లేదు, పోట్లాట లేదు. ఒకరితో ఒకరు మర్యాదగా మసలుకునేవారు. తల్లీకూతుళ్ల మధ్య అంత మర్యాద చూస్తే నాకు ఒళ్లు మండేది.

రేడియోలో వారానికోసారి సాయంత్రం ఆరింటికి కొత్త బృందాలతో ప్రత్యక్ష ప్రసారం ఉంటుంది. పిచ్చుక కొత్త పాట ఒకటి పంపింది. ప్రొడ్యూసర్ మేడమ్ ఫోన్ చేసి, పాట బాగుంది, గంట మాత్రం డ్రమ్ మిషన్‌తో చేసినట్టుంది, అలాగే ఉంచుకుందామా అని అడిగింది. పిచ్చుక కాదంది. గంట మా అమ్మ వాయిస్తుంది, అమ్మ లేకపోతే ఈ పాట పాడను అని ఖరాఖండీగా చెప్పింది. ఫోన్ పెట్టేశాక నా వైపు చూసి, ఈ మాట అమ్మకు చెప్పకు మావయ్యా అంది. నేను చెప్పకుండా ఉంటానా. అక్క విని, సుత్తి తుడుచుకుంటూ, ఆ రోజుకు డ్యూటీ మార్చుకుంటానని మాత్రం అంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

తప్పు అక్కడే జరిగింది. యార్డులో తోటిమనిషికి కాలు విరిగి, ఆ రెండు వారాలూ అక్కకు జోడు డ్యూటీలు పడ్డాయి. ఒక్క సాధనకూ రాలేకపోయింది. మేం ముగ్గురం పిచ్చుక తయారుచేసిన మిషన్ గంటతోనే పాట మరిగాం. మొదటి వారంలోనే నాకు ఆ గంటలో ఏదో తిరకాసు ఉందనిపించింది. అక్క వాయించేది ఇలా ఉండదే అనుకున్నాను. కానీ పాట బాగుంది, బండ హుషారుగా ఉన్నాడు, పిచ్చుక మొహంలో వెలుగుంది. కదపడం ఎందుకులే అని నోరు కట్టేసుకున్నాను. ఆ పిరికితనానికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఆ బుధవారం మూడింటికి రేడియో స్టూడియోలో మొదటిసారి నలుగురం కలిసి మొదలుపెట్టాం. గోడలకు మెత్తటి దిళ్లు, ఒక పక్క మందపాటి అద్దం, దాని వెనక ప్రొడ్యూసర్ మేడమ్. పల్లవి అయింది. గంట అందుకోవాల్సిన చోట అక్క అందుకుంది. నాలుగు చుట్లు తిరక్కుండానే పాట కాళ్లు తడబడి కూలబడింది. బండ డోలు ఎటు పోవాలో తెలియక ఆగిపోయాడు. మళ్లీ మొదలుపెట్టాం. మళ్లీ అక్కడే పడ్డాం. మూడోసారి ఇంకా ముందే పడ్డాం.

అక్క పుల్ల ఒళ్లో పెట్టుకుని, పాట తప్పుచోట మొదలవుతోందని తీర్పు చెప్పింది. పిచ్చుక గిటార్ మీద నుంచి తల ఎత్తకుండా పాట సరిగ్గానే ఉందంది. రెండు వారాలుగా సరిగ్గానే నడిచిందని బండ కూడా గొణిగాడు. పాటను రెండు చిన్న అడుగులు వెనక్కి జరిపి పాడి చూడమంది అక్క. పిచ్చుక ప్రయత్నించింది. మాటలన్నీ కుంటుకుంటూ నడిచాయి, నొక్కి పలకాల్సిన మాట చప్పగా పోయింది, చప్పగా పోవాల్సింది నెత్తిన కూర్చుంది. పోనీ గంటనే జరపమన్నాను అక్కతో. జరిపింది. రెండు చుట్లు నిలిచింది, మూడో చుట్టులో కుడికాలు తనంతట తాను నేలను కొట్టింది, దాని వెంట చెయ్యి పోయింది, చేతి వెంట పాటా పోయింది.

నాలుగున్నరయింది. ఆరుసార్లు పడ్డాం. అక్క మెడ నిటారుగా బిగుసుకుపోయింది. ఆ మెడ నాకు తెలుసు. తేడా ఉన్నదాన్ని బాగుందని ఒప్పుకోమంటే ఆమె వల్ల కాదు. పిచ్చుక చెంపలు చూస్తే ఇంకో మాట అంటే ఏడ్చేలా ఉంది. ప్రొడ్యూసర్ మేడమ్ లోపలికి వచ్చి, పాపం మంచిగానే చెప్పింది. మిషన్ గంట తన దగ్గర ఉంది, దాంతో పాడితే ఏ ఇబ్బందీ లేదు, ఐదుంపావుకల్లా తేల్చాలి, లేకపోతే ఆ సమయంలో వేరే పాట ఏదైనా వేసుకోవాల్సి వస్తుంది. అమ్మగారు పక్కన కూర్చోవచ్చు, ఫొటోలో ఉండొచ్చు అని కూడా అంది. ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది.

ఇంకోసారి వాయించాం. ఇంకోసారి పడ్డాం. ఐదయింది.

పిచ్చుక గిటార్ తీసి స్టాండుకు ఆనించి, అద్దం వైపు తిరిగి మిషనే పెట్టేయండి మేడమ్ అంది. గొంతు మామూలుగానే ఉంది. ఆ మామూలు గొంతు నాకు భయం పుట్టించింది. అమ్మ లేకపోతే పాడనన్న పిల్ల ఆ మాటను తనే వెనక్కి తీసుకుంది. నేను అక్క వైపు చూశాను. ఆవిడ గంటను పాత తువ్వాలులో చుట్టుకుంటోంది. చుట్టడం ఆపి, ఆ మిషన్ గంట ఒక్కదాన్నే, పాట లేకుండా, ఒకసారి వినిపించమని అడిగింది.

స్పీకర్లలో గంట మొదలైంది. అక్క కళ్లు మూసుకుంది. వేళ్లు ఒక్కొక్కటే ముడుస్తూ రెండు చుట్లు లెక్కపెట్టింది. మూడో చుట్టుకు కళ్లు తెరిచింది.

"ఇందులో ఆరే ఉన్నాయి. మొదటిది ఏదీ?"

"మొదటిది అదే కదా. ఎప్పుడూ ఆరే," అంది పిచ్చుక.

"ఏడు. మొదటిది పెద్ద మూతి మీద పడుతుంది. ఇది రెండోదాని దగ్గర మొదలైంది. ఎవరు నేర్పారే నీకిది?"

స్పీకర్లలో గంట తిరుగుతూనే ఉంది.

"ఎవరూ నేర్పలేదమ్మా. నువ్వు డ్యూటీ నుంచొచ్చి వంటింట్లో తలుపేసుకుని వాయించేదానివి. నేను బయట తలుపుకి ఆనుకుని కూర్చునేదాన్ని. నాకు ఆరే వినబడేవి."

ఆ తలుపు ముందు ఆ పిల్లను నేను చూశాను. బావ గూడ్సు రైలు గార్డు. వెళ్తే మూడు నాలుగు రోజులు మనిషి జాడ ఉండదు. రెండు గదుల క్వార్టర్సు. నేను సాయంత్రాలు వెళ్లినప్పుడు వంటింటి తలుపు మూసి ఉండేది, దానికి వీపు ఆనించి ఏడెనిమిదేళ్ల పిల్ల ఒళ్లో నోటుబుక్కుతో కూర్చుని ఉండేది. హోంవర్కు చేసుకుంటోందనుకునేవాణ్ణి. తొడకు అదిమి మెత్తగా కొట్టిన దెబ్బ తలుపు దాటి రాదు. బృందంలో వాయించినా అది బండ డోలు మోతలో మునిగిపోతుంది, పైగా పాత పాటలన్నీ అక్క గంట మొదలుపెడితే దాని మీదే కట్టుకున్నాం. ఆ పిల్లకు తల్లి వాయిద్యం ఎప్పుడూ రెండో దెబ్బ దగ్గరే మొదలైంది. అక్కడే అడుగేయడం నేర్చుకుంది, అక్కడి నుంచే పాట కట్టింది. ఆ పాటలో మాటలన్నీ గదిలోపల ఉన్న మనిషిని గురించే. మేమంతా ప్రేమపాట అనుకున్నాం.

అక్క నీళ్లు నమల్లేదు. అదొకటి మెచ్చుకోవాలి.

"పొద్దున్నుంచీ చక్రాల మోత విని విని వచ్చేదాన్ని. ఆ కాసేపు నాకు ఎవరూ వద్దనిపించేదే. నువ్వు కూడా," అంది.

పిచ్చుక తల ఊపింది. తనకు తెలుసన్నట్టే ఊపింది.

ప్రొడ్యూసర్ మేడమ్ అద్దం వెనక నుంచి ఐదుంపావు అయిందని గుర్తుచేసింది. మిషనేగా అని అడిగింది. అక్క లేచి, పది నిమిషాలు ఆగమని చెప్పి, గంట కూడా తీసుకోకుండా నడవాలోకి వెళ్లింది. కూతుర్ని లోపలే ఉండి పాట మొదటి నుంచీ పాడమంది. వెళ్తూ తలుపు తనే లాగి వేసుకుంది. బరువైన తలుపు, రబ్బరు అంచులు, వేస్తే చీమ చిటుక్కుమన్నా అవతలికి పోదు. అందుకని నేను లేచి బెత్తెడు సందు ఉంచాను. అక్క ఆ సందు దగ్గర గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. యాభై రెండేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులు, చుట్టూ వైర్లు మోసుకుంటూ తిరిగే జనం. ఎవరు దాటుకుంటూ పోతున్నా చూడలేదు. పిచ్చుక మిషన్ గంట మీద పాడుతోంది, అక్క పెదాలతో లెక్కపెట్టుకుంటోంది. మొదటిసారి విన్నప్పుడు కాలు కదిలింది. చేత్తో మోకాలిని అదిమిపెట్టింది. మళ్లీ పాడమన్నట్టు వేలు తిప్పింది. మూడుసార్లు విన్నది.

లోపలికి వచ్చేసరికి ఐదూ నలభై. ఒకసారి వాయించి చూసుకోవడానికి కూడా వీల్లేదు, మాకు ముందు వచ్చే వార్తల కోసం లైను ఇచ్చేశారు, మైకులు కదపకూడదు. ప్రొడ్యూసర్ మేడమ్ మొహంలో ఎర్రటి చిరాకు. ఏడుసార్లు పడిపోయినవాళ్లను నేరుగా ప్రసారంలోకి ఎలా వదలమంటారని అడిగింది. న్యాయమైన ప్రశ్నే. నన్నడిగితే నేనూ మిషనే అనేవాణ్ణి. పిచ్చుక నన్ను అడగలేదు.

"అమ్మే వాయిస్తుంది. పడితే నా పాటే కదా పడేది," అంది.

మేడమ్ ఒప్పుకుంటూనే, పాట పడిపోతే ఆ మాట రేపు తన ఆఫీసర్ ముందు కూడా చెప్పాలని అంది. పిచ్చుక చెబుతానంది. మిషన్ గంట తీసేశారు.

అక్క చెప్పులు విప్పి, రెండు కాళ్లూ కుర్చీ కాళ్లకు మెలేసి బిగించుకుంది, నేలను తాకే వీలు లేకుండా. ఎర్ర దీపం వెలిగింది. పిచ్చుక పల్లవి ఎత్తుకుంది. ఎన్ని వేలమంది వింటున్నారో అన్న ఆలోచన రాకూడదనుకుంటే అదే వచ్చింది. గంట అందుకునే చోటు దగ్గరపడింది. అక్క పుల్ల ఎత్తింది, పెద్ద మూతి మీదికి తెచ్చింది, ఇనుముకు వేలెడు దూరంలో ఆపేసింది. కొట్టలేదు. ఆ వెంటనే చిన్న మూతి మీద దెబ్బ ఖణేల్‌మని పడింది, సరిగ్గా పిచ్చుక మాట మొదలయ్యే చోట.

ఒక చుట్టు నిలిచింది. రెండు. మూడు. ప్రతి చుట్టులోనూ పుల్ల పెద్ద మూతి దాకా వెళ్లి ఆగేది. ఇరవై ఏళ్ల అలవాటును వేలెడు దూరంలో ఆపడం ఏమిటో ఆ మణికట్టు మీద పొంగిన నరాలు చూస్తే తెలిసింది. రెండో చరణంలో ఆ భుజం ముందుకు వంగింది. పోయింది, ఇక పోయింది అనుకున్నాను. బండ కూడా పసిగట్టినట్టున్నాడు, డోలు మీద చెయ్యి అలాగే నిలిపేశాడు. అప్పుడు పిచ్చుక మైకు వదలకుండానే మెడ తిప్పి, తల్లి మొహంలోకి చూస్తూ పాడింది. నొక్కి పలకాల్సిన ప్రతి మాటనూ తల ఊపి ఆమెకు అందించింది. అక్క కూతురి పెదాల మీద నుంచి చూపు తిప్పలేదు. భుజం వెనక్కి వచ్చింది. డోలు మళ్లీ రెండు దగ్గర దిగింది. చివరి పల్లవిలో నేనేం వాయించానో నాకు గుర్తులేదు, తప్పు వాయించలేదని మాత్రం తర్వాత బండ చెప్పాడు.

ఎర్ర దీపం ఆరింది. అద్దం వెనక మేడమ్ కుర్చీలో వెనక్కి వాలి రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. బండ నన్ను కౌగిలించుకుని ఊపిరాడకుండా చేశాడు. ఫోన్లు మోగుతున్నాయని, పాట మళ్లీ వేయమంటున్నారని ఎవరో వచ్చి చెప్పారు. అక్కకు ఇవేవీ పట్టలేదు. గంట ఒళ్లో పెట్టుకుని, గిటార్ తీగలు సడలిస్తున్న కూతుర్నే చూస్తోంది.

"అన్నేళ్లు కూర్చున్నావే, ఒక్కసారైనా తలుపు కొట్టలేకపోయావా?" అని అడిగింది.

పిచ్చుక తీగల మీద నుంచి తల ఎత్తింది.

"కొడితే నీకు దెబ్బ తప్పిపోతుందేమోనని కొట్టలేదమ్మా."

అక్క గంట పక్కన పెట్టి లేచింది. కూతురి చెయ్యి పట్టుకుంది. ఇంటికి వెళ్లే బస్సులో టిక్కెట్టు తీసుకోవడానికి కూడా వదల్లేదు, ముగ్గురి టిక్కెట్లూ నేనే తీశాను.